నీటిగుర్రం లాండ్రీలో రెండో కుర్చీ

మా మరిదికి దేవుడు రెండు కళ్ళిచ్చాడు. ఆ రెంటితోనూ మా ప్రాణాలు తోడేస్తున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే గోడ మీద ఫొటో కాస్త వాలిందని ముందు దాని సంగతి చూస్తాడు. ఎదురుగా నిలబడ్డ మనుషుల సంగతి ఆ తర్వాత. పక్కింటావిడ గొడవ గురించి నాలుగు ముక్కలు చెప్పుకుని సంతోషపడదామంటే నాకా భాగ్యం కూడా లేదు. "వదినా, మొన్న చెప్పినప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేచి అరిచిందన్నావు. ఇవాళ మొదట్నుంచీ నిలబడే ఉందంటున్నావు. ఏది ఖాయం చేసుకోమంటావు?" అంటాడు. నోటిమాటగా చెప్పేదానికి కాస్త ఉప్పూ కారం తగలవా? కానీ అతను అలా అడిగాక ఆ గొడవలో రుచే మిగలదు.

ఉద్యోగం కూడా తగ్గదే దొరికింది. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. మేడ మేడకీ తిరిగి, తలుపు సరిగ్గా మూసుకుంటోందా, తాడు అరిగిందా అని చూసి, నచ్చకపోతే ఎర్ర స్టిక్కరు అంటించి వస్తాడు. ఆ రోజు ఆ మేడలో వాళ్ళందరూ మెట్లెక్కుతూ మా వంశాన్ని తలుచుకుంటారు.

అది చాలదన్నట్టు ఇంకో వ్యాపకం. ఆదివారం పొద్దున "నీటిగుర్రం లాండ్రీ" అని ఒక కార్టూన్ వస్తుంది. నీళ్ళంటే హడలిపోయే నీటిగుర్రం ఒకటి బట్టలుతికే దుకాణం పెడుతుంది. ఊరంతా నవ్వుకుని టీవీ కట్టేస్తే, మావాడు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఎలుక చొక్కాకి ఎడమవైపున్న జేబు మరుసటి సీన్లో కుడివైపుకి ఎలా నడిచి వెళ్ళిందో తేలుస్తాడు. తన గదిలో తలుపుకి వీపు పెట్టి కూర్చుని, "భూతద్దం" అనే పేరుతో ఆ తప్పులన్నీ వీడియోలో ఏకరువు పెడతాడు. వాటిని చూసే జనం కూడా తక్కువేం కాదు.

ఇన్ని తప్పులు పట్టే మనిషి తన తప్పు ఒక్కటైనా ఒప్పుకున్నాడా అంటే, లేదు. చిన్నప్పుడు మెట్ల మీంచి జారి మోకాలు చీరుకుంటే, ఆ మెట్టు ఉండాల్సిన చోట లేదన్నాడట. "తప్పు నాది అని వాడి నోట వస్తే చెప్పమ్మాయ్, నేను కూర్చుని వింటాను. నిలబడి వింటే పడిపోతాను" అంటుంది మా అత్తయ్య.

అలాంటివాడు ఒకరోజు భోజనాల దగ్గర, తనని ఎవరో అమ్మాయి నడిమేడలో నిలదీసిందని చెప్పాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నిలదీసినందుకు కాదు. ఆ సంగతి అతను నవ్వుతూ చెప్పాడు.

జరిగిందేమిటంటే, అతను లిఫ్టు తలుపుకి ఎర్ర స్టిక్కరు అంటిస్తున్నాడు. వెనక నుంచి ఒకమ్మాయి, తనకన్నా వెడల్పైన అట్టల కట్టను రెండు చేతులతో పొదివి పట్టుకుని వచ్చింది. వేళ్ళ నిండా రంగు మరకలు, చెవి వెనక కుంచె.

"అది కాసేపాగి అంటించుకోండి. నేను పైకెళ్ళాలి."

"తలుపు సెన్సరు పనిచెయ్యట్లేదండీ. మధ్యలో చెయ్యి పెడితే ఆగదు."

"నేను చెయ్యి పెట్టను."

"అందరూ అలాగే అంటారు."

"ఇవి రంగులేసిన బోర్డులండీ. మెట్ల మీద ఎవరైనా తగిలారంటే ఇన్నాళ్ళ పనీ పోతుంది."

"లిఫ్టులో అయితే చెయ్యి పోతుంది. ఏది కావాలో చెప్పండి."

ఆ అమ్మాయి అతన్ని పైనుంచి కిందదాకా ఒకసారి చూసి, "మీ ఇంట్లోవాళ్ళు మీతో ఎలా వేగుతున్నారండీ?" అని అడిగి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మా కష్టం గురించి ఇన్నేళ్ళలో బయటివాళ్ళెవరూ అడగలేదు. ఆ మాట వినగానే ఆ పిల్లమీద నాకు అభిమానం పుట్టింది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. సెన్సరు బాగుచేయించి మావాడు బయల్దేరబోతుంటే, ఆ అమ్మాయి మళ్ళీ అట్టల కట్టతో గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని తిట్టుకుంటోంది. మావాడు వెళ్ళి తన గొడుగు ఇచ్చాడు. దానికో పక్క చిరుగుంది, అయినా గొడుగే కదా. ఆ అమ్మాయి మొహం కాస్త మెత్తబడేలోపే, "మీకోసం కాదు, బోర్డుల కోసం. మీరు తడిస్తే ఆరతారు, అవి ఆరవు" అన్నాడట. ఇది కూడా నవ్వుతూనే చెప్పాడు. మా ఆయన అన్నం కలుపుకోవడం ఆపి తమ్ముడి వంక చూశాడు. మా ఇంట్లో అది పెద్ద విశేషం.

మళ్ళీ తనిఖీకి వెళ్ళినప్పుడు గొడుగు తిరిగొచ్చింది. చిరుగున్న చోట పసుపుపచ్చ గుడ్డ అతుకు. ఆ అమ్మాయి రంగులేసేటప్పుడు కట్టుకునే పాత ఏప్రన్ కత్తిరించి కుట్టిందట. మావాడు దాన్ని విప్పి, వెలుతురుకి పట్టి చూసి, థాంక్స్ చెప్పాల్సిన చోట, "కుట్టు వంకరగా వచ్చింది" అన్నాడు.

"వంకరైనా వాన కారదు" అంది ఆ అమ్మాయి.

అప్పుడు కనిపించింది అతనికి, ఆ అమ్మాయి మెడలో గుర్తింపు కార్డు. దాని మీద నీటిగుర్రం బొమ్మ. ఆ కార్టూన్ తీసే స్టూడియో ఆ మేడలోనే, పై అంతస్తులో ఉందని అతనికి అప్పటిదాకా తెలీదు. నోరు తెరిచి ఆ కార్డునే చూస్తూ నిలబడ్డాడట. తేరుకుని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "కొంగ గూట్లో చారల సాక్సు పెట్టిందెవరో మీకు తెలుసా?"

ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే మళ్ళీ అందుకున్నాడు.

"మొదటి ఎపిసోడ్లో ఎలుక ఒక సాక్సు పోగొట్టుకుంటుంది. అందరూ మర్చిపోయారు దాన్ని. ఎంతోకాలం తర్వాత, ఎక్కడో వెనకాల చెట్టు మీద, కొంగ గూట్లో అదే సాక్సు. అర క్షణం కనిపిస్తుందంతే. దాని గురించి ఒక్క మాటైనా అనరు. అలా గుర్తుపెట్టుకుని పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలండీ."

పెట్టింది ఆ అమ్మాయే.

కార్టూన్లో ఆ అమ్మాయి గీసేది నీటిగుర్రాన్ని కాదు, దాని వెనకున్నవి. గోడలు, కిటికీలు, మేకులు, పెచ్చులూడిన సున్నం. జనం నవ్వేది నీటిగుర్రాన్ని చూసి. వెనక గోడని ఎవరు చూస్తారు? సాక్సు పెట్టిన సంగతి వాళ్ళ డైరెక్టరు కూడా గమనించలేదట. సొంత తల్లికి చూపిస్తే, "ఏదీ? ఎక్కడ?" అందట. ఆ తర్వాత చాలా రోజులకి నాతో చెప్పింది: "అక్కా, ఆయన సాక్సు అనగానే నా గుండె చెడిపోయిన లిఫ్టు లాగా రెండంతస్తుల మధ్య ఆగిపోయింది."

ఇక ఆ మేడలో లిఫ్టుకి ఏం రోగమొచ్చిందో గానీ, మావాడు ఆ వైపు వెళ్ళినప్పుడల్లా దాన్ని తనిఖీ చేసి వచ్చేవాడు. తనిఖీ లిఫ్టులో మొదలై స్టూడియో క్యాంటీన్లో రెండు కప్పుల టీ దగ్గర ముగిసేది. "భూతద్దం" తనేనని కూడా అక్కడే చెప్పేశాడు. స్టూడియోలో ఆ పేరు చెబితే కాఫీలు చల్లారిపోతాయట. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, "అయితే మా గోడలు చూసేవాడు ఒకడున్నాడన్నమాట" అంది. మావాడు బూట్లకి పాలిష్ వేసుకోవడం మొదలుపెట్టాడు. "లిఫ్టు నీ బూట్లు చూస్తుందిరా?" అని మా ఆయన అడిగితే, లిఫ్టులో అద్దం ఉందన్నాడు.

ఒకరోజు ఆ అమ్మాయి టీ కప్పు గుండ్రంగా తిప్పుతూ చెప్పిందట. "ఈ ఆదివారం ఎపిసోడ్లో గోడలన్నీ నావే. మొదట్నుంచీ చివరిదాకా నేనొక్కదాన్నే వేశాను. మీరు నీటిగుర్రాన్ని చూడకండి. గోడల్నే చూడండి. ఏం కనిపించిందో సోమవారం పొద్దున ఇక్కడికొచ్చి చెప్పండి."

ఏ మగవాడైనా ఆ మాటకి అర్థం వెతుక్కుంటాడు. మావాడు ఇంటికొచ్చి చేతులు రుద్దుకుంటూ, "సవాలు విసిరింది వదినా" అన్నాడు.

ఆదివారం ఎపిసోడ్ మేమందరం చూశాం. కొంగ కోటుని నీటిగుర్రం వేడినీళ్ళలో వేసి పిచ్చుక కోటంత చేసేస్తుంది. మేం పడీపడీ నవ్వాం. మావాడు ఒక్కసారి కూడా నవ్వలేదు. టీవీ వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మొహం వెలిగిపోతుంటే గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నానికి వీడియో పెట్టేశాడు.

"కథంతా ఒకే పూటలో జరుగుతుంది, గుర్తుపెట్టుకోండి" అని మొదలుపెట్టాడు అందులో. "దుకాణం తలుపు పక్కన చిరిగిన నల్ల గొడుగు. నీటిగుర్రం ఒక తుమ్ము తుమ్మి లేచేసరికి దానికి పసుపు ముక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? కిటికీ దగ్గర ఒక కుర్చీ, ఒక కప్పు. కొంగ తిరిగొచ్చేసరికి రెండు కుర్చీలు, రెండు కప్పులు. ఆ రెండో కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా? లేదు. చివర్లో ఆ గొడుగు తెచ్చి ఆ ఖాళీ కుర్చీ మీద పడేశారు. ఇన్ని తప్పులు ఒకే ఎపిసోడ్లో నేనెప్పుడూ చూళ్ళేదు. ఈ గోడలేసినవాళ్ళు కళ్ళు మూసుకుని వేశారా?"

జనం విరగబడి నవ్వారు. అతని వీడియోలన్నిటిలోకీ దానికే ఎక్కువమంది వచ్చారు. "రెండో కుర్చీ" అనేది వెక్కిరింతగా ఫోను నుంచి ఫోనుకి పాకిపోయింది.

సోమవారం పొద్దున మావాడు తల దువ్వుకుని, బూట్లు మెరిపించుకుని, బహుమతి అందుకోబోయేవాడిలా వెళ్ళాడు. వాడిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. ఆ అమ్మాయి క్యాంటీనుకి రాలేదు. ఫోను తియ్యలేదు. టీ ఇచ్చేవాడు చెప్పాడట: పైన పెద్ద రభస జరిగింది, ఇంకోసారి ప్రసారం చేసేలోపు గోడలన్నీ మళ్ళీ వేయమన్నారు, తప్పు నాదేనని ఆ అమ్మాయి ఒప్పేసుకుంది, పైగా ఇంకో ఊళ్ళో ఉన్న వాళ్ళ బ్రాంచికి పంపించెయ్యమని అడిగింది. ఈ పని అవగానే వెళ్ళిపోతుంది.

"తప్పుని తప్పంటే ఊరు వదిలి వెళ్ళిపోవాలా వదినా?" అన్నాడు. గొంతులో పౌరుషం ఉంది గానీ, అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

నాకూ అప్పటికి ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది మధ్యాహ్నం, మా అత్తయ్య వల్ల.

మా అత్తయ్యకి కొడుకు వీడియోలు చూడటం మందు వేసుకోవడం లాంటిది. భోజనమయ్యాక ఒకటి. ఆ రోజు కళ్ళజోడు తుడుచుకుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మాయ్, వీడి నెత్తిమీద ఆ పసుపుపచ్చదేమిటే?" అని పిలిచింది.

వెళ్ళి చూశాను.

నిలబడ్డదాన్ని అక్కడే కూర్చుండిపోయాను. నేల చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియలేదు.

వీడియోలో మావాడు వేలు ఊపుతూ, పసుపు ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందని లోకాన్ని నిలదీస్తున్నాడు. అతని వెనక, తలుపు కొక్కేనికి, పసుపు అతుకున్న నల్ల గొడుగు వేలాడుతోంది. ఎపిసోడ్లోది ఒక పక్క. ఇంట్లోది ఇంకో పక్క. రెండూ ఒకే తెర మీద. మధ్యలో మా భూతద్దం.

నేను అత్తయ్యకి గొడుగు సంగతి చెప్పాను, క్యాంటీను సంగతి చెప్పాను, రెండు కప్పుల సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "పిలువు వాణ్ణి" అంది.

ఊరికే పిలిస్తే రాడని తెలుసు. గుమ్మంలోంచి, "నీ వీడియోలో ఒక తప్పు దొరికిందయ్యా" అన్నాను. ఒక్క అంగలో వచ్చాడు.

"నా వీడియోలోనా?"

ఫోను చేతికిచ్చాను. చూశాడు. ఆపాడు. పెద్దది చేశాడు. వెళ్ళి తన గది తలుపు చూశాడు. మళ్ళీ వచ్చి ఫోను చూశాడు. మొహంలో రంగులు ఒక్కొక్కటిగా దిగిపోవడం నేనెక్కడా చూడలేదు, కార్టూన్లో తప్ప. చివరికి ఎపిసోడు తీసి, ఆ గొడుగు దగ్గర ఆపి, కళ్ళు చిట్లించి, వినీ వినపడకుండా అన్నాడు:

"కుట్టు కూడా వంకరగానే వేసింది వదినా."

"ఆ రెండో కుర్చీ ఎవరికోసంరా?" అని అడిగింది అత్తయ్య.

అతను ఎపిసోడుని ఆ కుర్చీ దాకా జరిపి ఆపాడు.

"ఎవరూ కూర్చోలేదని వేళాకోళం చేశావు కదా. కూర్చోవలసినవాడు ఇక్కడ కూర్చుని వీడియో తీస్తుంటే అక్కడెవరు కూర్చుంటారు?"

అందరికీ కనిపించేలా, ఒక్కడికే అర్థమయ్యేలా ఆ పిల్ల తన మనసు తీసి గోడకి తగిలించింది. లోకంలో గోడలు చూసేవాడు ఒక్కడే ఉన్నాడని నమ్మి తగిలించింది. ఆ ఒక్కడూ చూశాడు. చూసి, ఊరందర్నీ పిలిచి నవ్వించాడు. ఆ పిల్లేమో ఇది తప్పు కాదని ఒక్క మాట అనలేకపోయింది. అంటే ఏమిటో చెప్పాలి. చెప్పాక ఇంకో నవ్వు భరించాలి. దానికన్నా నాదే తప్పనడం తేలికనుకుంది.

మావాడు వీడియో తీసేశాడు. చొక్కా అయినా మార్చుకోకుండా కొక్కేనికున్న గొడుగు తీసుకున్నాడు. "నువ్వు కూడా వెళ్ళు. ఒక్కణ్ణీ పంపిస్తే అక్కడ కుంచె పట్టుకునే పద్ధతి బాలేదంటాడు" అని నన్ను తోలింది అత్తయ్య. తనకి మోకాళ్ళ నొప్పి కాబట్టి, ఫోను ఆన్ చేసి నా చేతి సంచిలో పెట్టి వినిపించాలని షరతు.

ఆ మేడ లిఫ్టు ఎక్కాం. మూడో అంతస్తు దగ్గర అది గట్టిగా కీచుమంది. మావాడు తలెత్తి కూడా చూడలేదు. ఆ నెలలో నాకు తగిలిన షాకులన్నిట్లో అదే పెద్దది.

స్టూడియో అంటే ఏమో అనుకున్నాను. పొడుగాటి గది, వరసగా బల్లలు, బల్లకో దీపం, రంగునీళ్ళ గ్లాసులు. గోడ మీద పెద్ద తెర, దాని మీద ఆ ఆదివారం ఎపిసోడ్ బొమ్మ ఆగి ఉంది. చివరి బల్ల దగ్గర ఆ అమ్మాయి. ముందున్న బోర్డు మీద మొదటి కుర్చీ ఉంది, రెండో కుర్చీ సగమే ఉంది. మిగతా సగం మీద బూడిదరంగు గోడ వేసేసింది.

కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని డైరెక్టరమ్మ ఎదురొచ్చింది. మావాణ్ణి గుర్తుపట్టింది. "ఇంకేమైనా మిగిలాయా బాబూ? చెప్పెయ్యి, ఒకేసారి వేయిస్తాను" అంది. చుట్టూ కుంచెలు ఆగిపోయాయి. తర్వాత ఆవిడ చూపు అతని చేతిలో గొడుగు మీద పడింది. నెత్తిమీది కళ్ళజోడు కిందికి దించుకుంది. గొడుగుని చూసింది, తెరని చూసింది, చివరి బల్లని చూసింది. ఆవిడ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఆ అమ్మాయి మాత్రం తల తిప్పలేదు. కుంచె ముంచుకుంటూ, "మీరు చెప్పినవన్నీ సరిచేస్తున్నానండీ" అంది. "గొడుగు చెరిపేశాను. కప్పు చెరిపేశాను. ఇదొక్కటే మిగిలింది."

"చెరపకండి" అన్నాడు మావాడు.

"ఎందుకు? తప్పే కదా. మీరే అన్నారు."

"అక్కడ తప్పుల్లేవు."

"అన్ని చూపించారు కదా, వేలు పెట్టి."

"ఒక్కటే ఉంది." మావాడు మాటలు పోగుచేసుకోవడానికి తనకి వచ్చిన పద్ధతొక్కటే వాడుకున్నాడు. "మొదటి సీన్లో ఒకడు గొడుగిస్తాడు. బోర్డుల కోసమంటాడు. అది అబద్ధం. రెండో సీన్లో లిఫ్టు చూడ్డానికొస్తాడు. లిఫ్టు బాగానే ఉంది, ఎప్పుడో బాగైపోయింది. ఆ తర్వాత అన్ని సీన్లలోనూ వాడు ఒకమ్మాయినే చూస్తుంటాడు. చివరి సీన్లో ఆ అమ్మాయి పిలుస్తుంది. అప్పుడు మాత్రం వాడు గోడని చూస్తాడు. ముందు జరిగినదానికీ దీనికీ పొంతన లేదు."

కుంచె గాల్లో ఆగింది. దాని చివర బూడిదరంగు చుక్క ఉబ్బి, జారి, బల్ల మీద పడింది. ఎవరూ తుడవలేదు.

డైరెక్టరమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మాయీ, ఆ గోడలు ముందెలా ఉన్నాయో అలాగే ఉండనీ. ఆ బ్రాంచివాళ్ళకి ఇంకెవర్నైనా చూసుకోమని నేను చెప్తాను. నువ్వు వెళ్ళాలో వద్దో ఇతని మాట పూర్తిగా విన్నాక ఆలోచించుకో" అంది. అని, ఆవిడ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"అయితే ఆ ఒక్కటీ ఎవరిది?" అని అడిగింది ఆ అమ్మాయి. ఇప్పుడు తల తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మొదటిరోజు లిఫ్టు దగ్గర ఉన్నట్టే ఉంది.

మావాడు గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుని, నేలకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

నా సంచిలోంచి మా అత్తయ్య గొంతు గదంతా వినిపించింది. "ఏమన్నాడే? నేను కూర్చునే ఉన్నాను. మళ్ళీ చెప్పమను."

ఆ అమ్మాయి పెదవి కొస కాస్త వణికింది. నవ్వో ఏడుపో తేల్చుకోలేకపోయాను. కాలితో పక్క బల్ల కిందున్న స్టూలుని లాగి, తన స్టూలు పక్కకి జరిపి, ఏప్రన్ కొసతో దాని మీద దుమ్ము దులిపింది.

"నాక్కూడా సరిగ్గా వినపడలేదు. కూర్చుని చెప్పు" అంది.

మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి గదిలో అందరికీ తెలిసింది. మావాడు వెళ్ళి ఆ రెండో స్టూలు మీద కూర్చున్నాడు. గొడుగుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ, ఫోనులో వాళ్ళమ్మకి కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

"తప్పు నాది."